ముందు గుండీని తిరగేసి చూడండి

"మా తాతగారి ట్రంకుపెట్టెలో కిరీటం బొమ్మ ఉన్న ఇత్తడి గుండీలు దొరికాయి, ఇవి బ్రిటిష్ మిలిటరీవేనా, ఏ కాలంవో ఎలా చెప్పాలి?" అని అడిగారు. ఫోటోలు పెట్టారు, సంతోషం. కానీ అన్నీ ముందువైపు ఫోటోలే. అందరూ ఇదే చేస్తారు. బొమ్మ ముందుంటుంది కాబట్టి బొమ్మే చూస్తారు. గుండీ పుట్టుపూర్వోత్తరాలు ఎక్కువగా ఉండేది వెనకవైపు. దారం కుట్టే రింగు చుట్టూ గుండ్రంగా సన్నటి అక్షరాలు ఉంటాయి, భూతద్దం పెట్టి చూడండి. భూతద్దం లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చేసినా చాలు.

ఆ అక్షరాలు తయారు చేసిన కంపెనీ పేరు. ఫర్మిన్ అని ఉంటే పెద్దగా ఉపయోగం లేదు, 17వ శతాబ్దం నుంచీ ఉన్న లండన్ కంపెనీ అది, పేరు కింద ఉన్న వీధి అడ్రసు పట్టుకుంటేనే కాలం తెలుస్తుంది. గాంట్ అని ఉంటే 1884కి ముందుది అయ్యే అవకాశమే లేదు, ఆ కంపెనీ పుట్టిందే అప్పుడు. జెన్నెన్స్ అని ఉంటే సాధారణంగా 1924కి ముందుది, ఎందుకంటే ఆ ఏడాది దాన్ని గాంట్ వాళ్లు కొనేశారు. బటన్స్ లిమిటెడ్ అని ఉంటే 1907 తర్వాతది, బర్మింగ్‌హామ్‌లో నాలుగైదు గుండీల కంపెనీలు కలిసి అప్పుడే ఒకటయ్యాయి. చూశారా, ముందువైపు సింహం నోరు ఎటు తెరిచిందో చూస్తూ కూర్చుంటే ఇవేవీ తెలియవు.

ఇక కిరీటం సంగతి. విక్టోరియా కిరీటం పైన కమానులు మధ్యలో కొంచెం కిందికి దిగి ఉంటాయి. 1901 తర్వాత రాజులది, అంటే ఎడ్వర్డ్, ఇద్దరు జార్జిలు, వాళ్లది మధ్యలో దిగకుండా గుమ్మటంలా పైకి ఉబ్బి ఉంటుంది. 1953 నుంచి ఎలిజబెత్‌ది మళ్లీ మధ్యలో దిగుతుంది. ఇంగ్లండులో వాళ్లకి ఇక్కడే తలనొప్పి, ఇద్దరు రాణులవీ చూడటానికి దగ్గరదగ్గరగా ఉంటాయి. మనకి ఆ బాధ లేదు. 1950లో రిపబ్లిక్ రాగానే మన సైన్యం కిరీటాన్ని తీసేసి అశోకుడి సింహాలు పెట్టుకుంది. ఎలిజబెత్ గద్దెక్కింది 1952లో. అంటే ఇక్కడ వాడిన గుండీ మీద కిరీటం మధ్యలో దిగి ఉందంటే అది విక్టోరియాదే, 1901 లోపుదే. ఉబ్బి ఉంటే 1901 నుంచి 1950 మధ్యది. అశోకుడి సింహాలుంటే ఆ తర్వాతది. ఇంత సులువైన లెక్కని పెద్ద పరిశోధనలా చెప్పి డబ్బులు గుంజేవాళ్లున్నారు.

కిరీటం కింద రాజముద్ర అక్షరాలుంటే ఇంకా దగ్గరికి రావచ్చు. వీ.ఆర్.ఐ. అని చివర ఐ ఉంటే 1877 తర్వాతది, విక్టోరియా భారత చక్రవర్తినిగా ప్రకటించుకున్న ఏడాది అది.

ఇదంతా మీ ప్రశ్నకి సూటి జవాబు. కానీ మీరు అడిగిన దాంట్లో అసలు చిక్కు "మిలిటరీవేనా" అన్న ముక్కలో ఉంది. దాని గురించి మా ఇంట్లో జరిగిన గొడవ చెప్పాలి.

మా చిన్నత్తయ్య వాళ్లది సికింద్రాబాదు లాలాగూడ. ఒకసారి వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం, భోజనాలయ్యాక మామయ్య గారు ఒక రేకు డబ్బా తెచ్చి చాప మీద బోర్లించారు. గలగలమని గుండీలు. తళతళ మెరుస్తున్నాయి. ఎందుకంటే అత్తయ్య పొద్దున పూజ సామానుతో పాటు వీటిని కూడా చింతపండు పెట్టి కొబ్బరిపీచుతో తోమేసింది. నాకు అక్కడే గుండె జారిపోయింది. గుండీ మీద ముదురు గోధుమరంగు పొర ఒకటి పడుతుంది, అది మురికి కాదు, దాని వయసు. కొన్నింటికి పల్చటి బంగారు పూత ఉంటుంది, తోమితే ఆ పూత ఎత్తుగా ఉన్న చోట్ల ముందు పోతుంది, సింహం జూలు, కిరీటం అంచు, సరిగ్గా మనం చూడాల్సినవే. దయచేసి చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి పొడి, ఏదీ పెట్టకండి. పచ్చగా చిలుము పట్టి ఉంటే పొడి మెత్తటి బ్రష్షుతో దులిపి వదిలేయండి.

సరే, మామయ్య గారు చెప్పిన కథ ఏంటంటే వాళ్ల తాతగారు మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం అశ్వికదళంలో ఉండి, ఇప్పటి ఇజ్రాయెల్‌లో ఉన్న హైఫా దాకా వెళ్లారని. కథలో దమ్ముంది, కాదనను. హైదరాబాద్ లాన్సర్లు, అంటే నిజాం గుర్రపు దళం, నిజంగానే 1918లో పాలస్తీనాలో ఉన్నారు, జోధ్‌పూర్, మైసూర్ దళాలతో కలిసి ఒకే బ్రిగేడ్. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి మన హైదరాబాదుదే. హైఫా పట్టణం మీదికి గుర్రాలు దౌడు తీయించింది మాత్రం జోధ్‌పూర్, మైసూర్ వాళ్లు. అది వేరే సంగతి, అప్పుడు అనలేదు, వ్రతం ఇల్లు కదా.

నేను ఒక గుండీ తీసుకుని వెలుగులోకి వెళ్లాను. పెద్దది, అంగుళం కంటే కొంచెం తక్కువ, కోటు ముందువైపు కుట్టేంత. మీద మూడు అక్షరాలు, ఎన్.ఎస్.ఆర్. నేను అడగకముందే మామయ్య గారు అందుకున్నారు, "నిజాం స్పెషల్ రెజిమెంట్". ఆ మాట అంత ఖాయంగా ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. పక్కనున్న బావ నా మొహం చూసి ఫోన్‌లోకి తలదించేసుకున్నాడు, వాడికి ముందే అర్థమైంది.

లాలాగూడలో కూర్చుని ఎన్.ఎస్.ఆర్. అంటే రెజిమెంట్ అనుకోవడం ఎలా సాధ్యమండీ! గోడ అవతలే 1893 నాటి రైల్వే వర్క్‌షాపు. ఎన్.ఎస్.ఆర్. అంటే నిజాం స్టేట్ రైల్వే. ఇంకో కొసరు కూడా ఉంది. 1930 దాకా ఆ రైల్వే లండన్ కంపెనీ చేతిలో ఉండేది, అప్పటి పేరు నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే, మధ్యలో ఒక 'జి' ఎక్కువ. 1930లో నిజాం ప్రభుత్వం కొనేశాక ఆ జి పోయింది. కాబట్టి ఆ గుండీ దాదాపు ఖాయంగా 1930 తర్వాతది. హైఫా 1918. పన్నెండేళ్ల తర్వాత పుట్టిన గుండీ పెట్టుకుని ఎవరూ యుద్ధానికి వెళ్లలేరు.

ఇది చెప్పాను. మెల్లగానే చెప్పాను. మామయ్య గారు కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అయితే మా తాత టికెట్లు చింపేవాడంటావా" అన్నారు. అత్తయ్య లోపల్నుంచి "తాతగారు గార్డు కదండీ, మీ నాన్నే చెప్పారుగా" అంది. అంటే ఇంట్లో ఆడవాళ్లకి అసలు సంగతి ఎప్పుడో తెలుసు! మగవాళ్లు మాత్రం హైఫా కథ చెప్పుకుంటూ వచ్చారు.

నాకు మండేది ఇక్కడే. గార్డు అయితే ఏం తక్కువ? ఆ రోజుల్లో వాడీ నుంచి సికింద్రాబాదు దాకా రాత్రంతా లాంతరు పట్టుకుని బండిని క్షేమంగా తెచ్చిన మనిషి. ఆ గుండీలున్న కోటు వేసుకుని వీధిలోకి వస్తే పిల్లలు వెంటపడి ఉంటారు. అయినా సరే మనకి ఇంట్లో ఒక సిపాయి కావాలి, కత్తి కావాలి, గుర్రం కావాలి. అసలు తెలుగు సిపాయిల కథ కావాలంటే దానికి గుండీలు వెతుక్కోనక్కర్లేదు, మద్రాసు సైన్యం నిండా మనవాళ్లే ఉన్న కాలం ఉంది. 1880ల్లో మద్రాసు సైన్యానికి సేనాధిపతిగా చేసిన బ్రిటిష్ జనరల్ రాబర్ట్స్ లాంటి వాళ్లు దక్షిణాది వాళ్లు యుద్ధానికి పనికిరారని తీర్మానించి, ఒక్కొక్క రెజిమెంటునీ తగ్గించుకుంటూ పోయారు, 1920లు దాటేసరికి పాత మద్రాసు పదాతిదళం దాదాపు ఖాళీ. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి మనుషులు కావలసి వచ్చినప్పుడు మళ్లీ గుర్తొచ్చాం. ఇది ఎవరూ మాట్లాడరు, గుండీ మీద కిరీటం గురించి మాత్రం గంటలు గంటలు మాట్లాడతారు.

మళ్లీ గుండీల్లోకి వస్తాను. నా లెక్కలో మన ఊళ్లలో పెట్టెల్లోంచి బయటపడే ఇత్తడి గుండీల్లో సగానికి పైగా రైల్వేవో, పోలీసువో, ఎక్సైజువో, పోస్టల్‌వో. ఎం. అండ్ ఎస్.ఎం.ఆర్. అని ఉంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, 1908 తర్వాతది. బి.ఎన్.ఆర్. ఉంటే బెంగాల్ నాగ్‌పూర్, వాల్తేరు వైపు వాళ్ల ఇళ్లలో దొరుకుతాయి. ఇవి కాక పెళ్లి బ్యాండు వాళ్లవి, ఎర్రకోటు మీద కుట్టడానికి చేయించినవి, ఏ దేశానిదీ కాని ఒక కిరీటం, రెండు నెమళ్లో సింహాలో. ఇంకా సినిమా కాస్ట్యూమ్ గుండీలు. ఇవన్నీ హైదరాబాదు జుమ్మేరాత్ బజార్‌లో, అంటే పాత సామాన్ల సంతలో, ఒకే పళ్లెంలో కలిపి పోసి "బ్రిటిష్ ఆర్మీ సార్" అంటాడు అమ్మేవాడు. ఒకాయన నాకు "ఒరిజినల్ టిప్పు సుల్తాన్ మీద యుద్ధం చేసినవాళ్లది" అని ఒకటి అమ్మబోయాడు, దాని వెనక బటన్స్ లిమిటెడ్ అని ఉంది. టిప్పు పోయింది 1799లో.

కొత్తగా పోతపోసిన నకిలీ పట్టుకోవడం కష్టం కాదు. అసలుది అచ్చు మీద దెబ్బకొట్టి తీసింది, గీతలు పదునుగా ఉంటాయి, కిరీటంలో ముత్యాలు విడివిడిగా లెక్కపెట్టొచ్చు. పోతపోసింది కరిగిన బెల్లం అచ్చులా ఉంటుంది, అంచులన్నీ మొద్దు, మీద ఇసుక గుంటలు. చేతిలో మరీ తేలిగ్గా ఉండి బంగారంలా మెరిస్తే అది రంగు ఎక్కించిన అల్యూమినియం, 1950ల తర్వాత వచ్చిన సరుకు, తోమే పని లేకుండా చేసింది. బూడిదరంగులో తగరంలా ఉండి అంకె ఉంటే మాత్రం జాగ్రత్తగా పక్కన పెట్టండి. బ్రిటిష్ మామూలు సిపాయిలకి 1855 దాకా అలాంటివే ఇచ్చేవాళ్లు, ఇత్తడి ఆ తర్వాతే.

అంకెల మాట వచ్చింది కాబట్టి హైదరాబాదు వాళ్లకి ప్రత్యేకంగా. 1903లో అప్పటి భారత సైన్యాధిపతి కిచెనర్ మొత్తం సైన్యానికి కొత్త నంబర్లు వేశాడు, నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారుల కింద నడిచిన మన హైదరాబాద్ కంటింజెంట్ పదాతిదళాలకి 94 నుంచి 99 దాకా వచ్చాయి. 1922లో వాటిని కలిపి 19వ హైదరాబాద్ రెజిమెంటు చేశారు. అంటే గుండీ మీద 97, డెక్కన్ అని కనిపిస్తే దాని వయసు 1903కి 1922కి మధ్య ఇరుక్కుపోయినట్టే, కంపెనీ పేరు కూడా చూడక్కర్లేదు. ఆ రెజిమెంటే 1945లో కుమావూన్ రెజిమెంటు అయింది. ఇప్పుడు దాని కేంద్రం హిమాలయాల్లోని రాణీఖేత్. ఎక్కడి హైదరాబాదు, ఎక్కడి రాణీఖేత్!

వెనక రింగు కూడా గమనించండి. కుట్టుకునే రింగు కాకుండా, విడిగా తీసిపెట్టే చిన్న కమ్మీ చుట్టతో ఉంటే అది ఎండాకాలం వేసుకునే తెల్ల లేదా ఖాకీ డ్రిల్లు బట్టది. చాకలికి వేసే ముందు గుండీలన్నీ విప్పి దాచుకునేవాళ్లు, బండ మీద బాదితే గుండీ వంగుతుంది, బట్ట చిరుగుతుంది. మన ఎండలకి ఇలాంటివే ఎక్కువ దొరకాలి, దొరుకుతాయి కూడా.

మామయ్య గారి డబ్బాలో అలాంటిది ఒకటుంది. చిన్నది, మసిబారింది, అడుగున పడి ఉండి చింతపండు తప్పించుకుంది. సింహం, ఒంటికొమ్ము గుర్రం ఉన్న బ్రిటిష్ రాజచిహ్నం, 1871 నుంచి మామూలు సైనికుల్లో చాలామందికి ఒకే రకంగా ఇచ్చిన గుండీ. కిరీటం ఉబ్బినది. అదొక్కటే నిజంగా మిలిటరీది. కానీ దాన్ని బట్టి కూడా తాతగారు సైన్యంలో ఉన్నారని చెప్పలేం. 1945 తర్వాత యుద్ధంలో మిగిలిన సామానంతా డిస్పోజల్స్ పేరుతో మూటలు మూటలుగా అమ్మేశారు, ఏ టైలర్ ఏ కోటుకి ఏ గుండీ కుట్టాడో ఎవరికి తెలుసు. గుండీ తన వయసు చెబుతుందే గానీ ఎవరి ఒంటి మీద ఉందో చెప్పదు. దానికి పెన్షన్ కాగితాలు, డిశ్చార్జి సర్టిఫికెట్, పాత ఉత్తరాలు చూడాలి. పెట్టెలో అవి ఉంటే ముందు వాటిని చెదలు పట్టకుండా తీయండి.

మీ ఫోటోల్లో మూడో గుండీ మీద కిరీటం మధ్యలో దిగినట్టు అనిపిస్తోంది, నీడ పడి సరిగ్గా కనబడటం లేదు. పక్కనుంచి లైటు వేసి, పక్కనే రూపాయి బిళ్ల పెట్టి మళ్లీ తీయండి, వెనకవైపు కూడా. అది విక్టోరియాదే అయితే మిగతావాటిని పక్కన పెట్టి దాని సంగతి మాట్లాడుకుందాం. ఈలోపు ఎవరైనా వచ్చి కిలో లెక్కన కొంటానంటే ఇవ్వకండి.