చిన్న బోర్డు గురించి మా అమ్మలుకి

అమ్మలూ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు తయారైన కంప్యూటర్ కొనవట, సామాన్లు విడివిడిగా తెప్పించుకుని నువ్వే బిగించుకుంటావట. విన్న దగ్గర్నుంచీ నాకు నిద్ర పట్టలేదు. మా ఇంటి ఆడపిల్ల స్క్రూడ్రైవర్ పట్టుకుంటానంటే నాకంటే సంతోషించేవాడు ఎవడుంటాడు? భయం కూడా అంతే ఉంది. అందుకే ఫోన్లో చెప్పకుండా రాస్తున్నాను. ఫోన్లో అయితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావు.

నువ్వు పంపిన మదర్‌బోర్డుల ఫొటోలు చూశాను, అదే, మిగతా సామాన్లన్నీ అమర్చే బోర్డువి. మినీ ఐటీఎక్స్ అనే చిన్న సైజు మీద మనసు పడ్డావని తెలుస్తూనే ఉంది. ముద్దుగానే ఉంటుంది, కాదనను. 17 సెంటీమీటర్ల చదరం. మైక్రో ఏటీఎక్స్ అయితే 24.4 దాకా ఉంటుంది. తేడా నాలుగు వేళ్ల వెడల్పు. ఆ నాలుగు వేళ్లు తగ్గించుకోవడానికి డబ్బు ఎక్కువ పెట్టాలి, పైగా గ్రాఫిక్స్ కార్డులాంటివి పెట్టుకునే స్లాట్ ఒక్కటే ఉంటుంది. సోంపేటలో మీ గది చిన్నదే గానీ, టేబుల్ కింద నాలుగు వేళ్ల చోటు దొరకనంత చిన్నది కాదు. నీ దగ్గరున్నది 35 వేలు. మైక్రో ఏటీఎక్సే తీసుకో.

ఏ520 రకం బోర్డు, రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ నీ చదువుకి సరిపోతాయి. చివర ఆ "జీ" ఉందో లేదో చూసుకో, అదుంటే డిస్‌ప్లే ఇచ్చే గ్రాఫిక్స్ ప్రాసెసర్ లోపలే ఉన్నట్టు. అది లేని 5600 తెచ్చావంటే డిస్‌ప్లే కోసం విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాలి. ఇంటెల్ అయితే చివర "ఎఫ్" ఉన్నది వద్దు, దానికీ అదే ఇబ్బంది. ఇంటెల్‌కి పెట్టే హెచ్610 బోర్డుల్లో డీడీఆర్4 ర్యామ్ పట్టే రకం వేరు, డీడీఆర్5 పట్టే రకం వేరు. ఒకదాని ర్యామ్ ఇంకోదానిలో దిగదు, పెట్టె మీద చదివి తీసుకో. ర్యామ్ 16 జీబీది ఒకటి కాకుండా 8 జీబీవి రెండు పెట్టు. లోపలి గ్రాఫిక్స్‌కి విడిగా మెమరీ లేదు, ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది, అది రెండు దారుల్లో (చానెళ్లలో) అందితే బాగా పనిచేస్తుంది. ర్యామ్‌కి రెండే స్లాట్లున్న బోర్డయితే అక్కడితో నిండిపోతుంది. డబ్బు కాస్త మిగిలితే నాలుగు స్లాట్ల బీ550 బోర్డు చూడు, నాకైతే అదే ఇష్టం.

ఇంకోటి. ఏ520 వచ్చింది 2020లో, 5600జీ వచ్చింది ఆ తర్వాతేడు. పాత స్టాక్ బోర్డయితే దానిలో ఉండే బయోస్ (కంప్యూటర్‌ని మొదట లేపే ప్రోగ్రామ్) పాతదై ఉండి ప్రాసెసర్‌ని గుర్తుపట్టకపోవచ్చు. వీలైతే షాపులోనే పెట్టించి, డిస్‌ప్లే వచ్చాకే డబ్బు కట్టు.

ఎర్త్ సంగతి మీ నాన్నకి విడిగా చెబుతాను. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ వైపు కరెంటు ఎన్నాళ్లు లేదో, వచ్చాక ఎలా ఎగిరెగిరి పడిందో నీకు గుర్తుండే ఉంటుంది. యూపీఎస్ లేకుండా ఆ కంప్యూటర్ ఒక్కరోజు కూడా నడపొద్దు. రెండు పిన్నుల ప్లగ్గు పెట్టావని తెలిస్తే నేను ఊరుకోను.

ఇప్పుడు అసలు సంగతి. 2004లో జరిగింది. అప్పటికి మీ అమ్మకి ఇంకా పెళ్లి కాలేదు. విజయనగరంలో గంటస్తంభం దగ్గర సందులో మా అప్ప, అదే మీ అమ్మ, చిన్న డీటీపీ సెంటర్ నడిపేది. పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, తెలుగు అను ఫాంట్లు, ఒకే ఒక్క కంప్యూటర్. మాఘమాసం పెళ్లికార్డులు కుప్ప పడి ఉండగా బోర్డు పోయింది. అప్ప చీటీ పాడి ఆ డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను వైజాగ్ వెళ్లి మైక్రో ఏటీఎక్స్ బోర్డు తెచ్చాను.

పాత బోర్డు పెద్దది. కేబినెట్ మాత్రం అదే. బోర్డు రేకుకి తగలకుండా కింద ఇత్తడి స్టడ్లు ఉంటాయి కదా, పెద్ద బోర్డుకి తొమ్మిది బిగించి ఉన్నాయి. చిన్న బోర్డుకి ఆరే కన్నాలు. మిగిలినవాటిలో ఒకటి సరిగ్గా బోర్డు కిందే, కన్నం లేని చోట నిలబడి ఉంది. నేను చూడలేదు. స్విచ్ వేశాను, డిస్‌ప్లే వచ్చింది, అప్ప నవ్వింది. ర్యామ్ సరిగ్గా కూర్చుందో లేదోనని ఆన్‌లో ఉండగానే వేలితో నొక్కాను. బోర్డు వంగి ఆ స్టడ్డుకి ఆనింది. కాలిన వాసన వచ్చింది, స్క్రీన్ నల్లబడింది.

విప్పి చూస్తే బోర్డు వెనక శనగగింజంత నల్లమచ్చ. తప్పు నాదేనని అర్థమైంది. అప్పకి చెప్పలేదు. "షాపువాడు చెడ్డ బోర్డు అంటగట్టాడు" అన్నాను. నమ్మింది. మర్నాడు పొద్దున్నే ఆ బోర్డు పట్టుకుని బస్సెక్కి వెళ్లి, షాపులో నలుగురి ముందూ ఆయన్ని కడిగేసింది. ఆయన ఎదురు మాట అనలేదట. బోర్డు తిప్పి మచ్చ చూపించి, ఖాళీ కేబినెట్ ఒకటి తెచ్చి, ఆ మచ్చ ఎలా పడుతుందో ఓపిగ్గా చెప్పాడట.

సాయంత్రం ఇంటికొచ్చి నాకు అన్నం పెట్టింది. సగం తిన్నాక, "నా వల్ల తప్పయింది అప్పా అంటే అయిపోయేది కదరా. మంచివాణ్ణి దొంగని చేసి వచ్చాను" అంది. అంతే. కార్డులన్నీ వేరే సెంటర్‌కి పోయాయి. ఆ చీటీ వాయిదాలు ఇంకో ఏడాది కట్టింది.

నీ చేతిలో ఏదైనా కాలినా, విరిగినా, ప్రాసెసర్ పిన్ను వంగినా ముందు నాకు చెప్పు తల్లీ. తిట్టను. రాత్రి రెండింటికైనా ఫోన్ ఎత్తుతాను.

శనివారం రైలుకి వస్తున్నాను. ఈలోగా నువ్వు ఆగవని తెలుసు. అందుకే చెబుతున్నాను, బిగించే ముందు బోర్డూ కేబినెట్టూ అప్ప ముందు పెట్టు. ఎక్కడ చూడాలో తనకి తెలుసు.

మీ మావయ్య