పత్రాల పరిశీలన బయటి సంస్థకు ఇచ్చేముందు

ప్రశ్న: ఒక దావాలో ఎదుటిపక్షానికి ఇవ్వాల్సిన పత్రాలను ఏరడానికి, వేలకొద్దీ ఈమెయిళ్ల పరిశీలనను మా లీగల్ విభాగం బయటి సంస్థకు ఇస్తోంది. పొరపాట్లు ఎక్కడ జరుగుతాయి?

జవాబు: ఎక్కువగా మొదట్లోనే, సూచనలు అస్పష్టంగా ఉండటం వల్ల. ఏది కేసుకు సంబంధించినదో అంశాలవారీగా, ఉదాహరణలతో రాసివ్వండి. నకళ్లు తీసేయించి, ఒకే ఈమెయిల్ వరుస మొత్తం ఒక్కరికే వెళ్లేలా చూడండి. తర్వాత ఓ 200 పత్రాలను మీ లాయరు, వాళ్ల బృందం విడివిడిగా చదివి, తేడా వచ్చిన ప్రతిదాన్నీ చర్చించాలి. ఈ మెట్టు ఎంత తొందరున్నా వదలొద్దు.

అసలు ప్రమాదం, లాయరుకీ క్లయింటుకీ మధ్య నడిచిన గోప్యమైన ఉత్తరాలు ఎదుటిపక్షం చేతిలో పడటం. లాయర్లందరి పేర్లు, ఈమెయిల్ చిరునామాలు ముందే ఇవ్వండి. అవి ఉన్న పత్రాలు మీ లాయరు చూడకుండా ఎదుటిపక్షానికి పోకూడదు. ‘సంబంధం లేదు’ అని పక్కనపెట్టిన వాటిలోంచీ కొన్నింటిని ఏరకుండా, ఏవి చేతికొస్తే అవి తీసి, సంబంధమున్నవేవైనా తప్పిపోయాయేమో చదివించండి.