పామరేనియన్ పళ్ల వైద్యానికి అంత ఖర్చు ఎందుకు?

ప్రశ్న: మా పామరేనియన్‌కు తొమ్మిదేళ్లు. ఏడాదిగా నోటి దుర్వాసన ఉంది, వెనుక పళ్లకు గోధుమరంగు గార పట్టింది, తిండి మాత్రం మానలేదు. పళ్లు శుభ్రం చేసి, కదులుతున్నవి తీయడానికి 18,000 రూపాయల దాకా అవుతుందని పశువైద్యులు చెప్పారు. కుక్కలకు జుట్టు కత్తిరించే దుకాణంలో మత్తు లేకుండానే 1,500 రూపాయలకు గార తీస్తామంటున్నారు. మాది పింఛనుతో గడిచే ఇల్లు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మనమైతే కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చుంటాం, కుక్క కూర్చోదు. అందువల్ల దానికి పూర్తి మత్తు ఇవ్వాలి, నీళ్లూ మురికీ ఊపిరితిత్తుల్లోకి పోకుండా శ్వాసనాళంలో గొట్టం అమర్చాలి, అంతకుముందే రక్తపరీక్షలతో కాలేయం, మూత్రపిండాల పనితీరు తెలుసుకోవాలి. ఈ వయసు చిన్నజాతి కుక్కల్లో గుండె కవాటాల జబ్బు తరచుగా కనిపిస్తుంది కాబట్టి గుండెను కూడా చూడాలి. గార తీయడం కంటే సాధారణంగా వీటికే ఎక్కువ ఖర్చవుతుంది.

దుకాణంలో గీకించవద్దని గట్టిగా చెబుతున్నాను. పంటి మీద కనిపించే గార పోయి పళ్లు తెల్లబడతాయి గాని, జబ్బు ఉన్నది చిగురు కింద. మెలకువగా ఉన్న కుక్క అక్కడికి పరికరాన్ని పోనివ్వదు. పళ్లు తెల్లగా కనిపించడంతో మీరు నిశ్చింతగా ఉండిపోతారు, లోపల మాత్రం పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతూనే ఉంటుంది. కరిగిన ఎముక తిరిగి రాదు. చిన్నజాతి కుక్కల కింది దవడ సన్నగా ఉంటుంది కనుక, జబ్బు బాగా ముదిరితే అది విరిగే ప్రమాదం కూడా ఉంది. తిండి మానలేదని ధైర్యపడకండి. పంటి నొప్పి ఎంత ఉన్నా చాలా కుక్కలు తింటూనే ఉంటాయి.

ఎన్ని పళ్లు తీయాలో మత్తు ఇచ్చి, ఎక్స్‌రే తీసి, చిగురు లోతు కొలిచాకే తేలుతుంది. కాబట్టి శుభ్రం చేయడానికి ఎంత, ఒక్కో పన్ను తీయడానికి ఎంత అని విడివిడిగా రాసి ఇమ్మని అడగండి. మీకు దగ్గరలోనే గన్నవరంలో ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉంది. బోధనాసుపత్రుల్లో రుసుములు సాధారణంగా ప్రైవేటు క్లినిక్‌ల కంటే తక్కువ. దంతాల ఎక్స్‌రే, మత్తు ఇచ్చే ఏర్పాటు ఉన్నాయేమో ముందే విచారించి వెళ్లండి.

చికిత్స తర్వాత చిగుళ్లు మానాక, వైద్యులు సరేనన్న రోజు నుంచి నిత్యం బ్రష్ చేయండి. పాచి కొద్ది రోజుల్లోనే గట్టిపడి గారవుతుంది, వారానికోసారి తోమితే ప్రయోజనం తక్కువ. మన టూత్‌పేస్టు వాడవద్దు. కుక్క ఉమ్మేయలేదు, అందులోని ఫ్లోరైడు కడుపులోకి పోతుంది, కొన్నింటిలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కకు విషం. కుక్కల పేస్టే కొనండి. ఎముకలు కూడా వేయకండి: వాటిని కొరికితే పై దవడలోని పెద్ద నమిలే పన్ను పగలవచ్చు, మూడు వేర్లున్న ఆ పన్నును తీయించడం మళ్లీ పెద్ద ఖర్చే.