గల్లీ నుంచి ఠాణా దాకా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా కాలనీలో దొంగతనాలు ఎక్కువయ్యాయని పదిమందిమి వెళ్లి ఇన్‌స్పెక్టర్‌గారికి వినతిపత్రం ఇచ్చాం, గస్తీ పెంచమన్నాం. కొన్నాళ్లు బ్లూ కోల్ట్స్ (పోలీసుల గస్తీ బైకు) బండి తిరిగింది, తర్వాత మామూలే. మా మాట స్టేషన్లో నిలవాలంటే ఏం చేయాలండీ?
– కాలనీ సంఘం కార్యదర్శి

జవాబు: గస్తీ పెంచమనే వినతి ప్రతి కాలనీ నుంచీ వస్తుంది. ఉన్న సిబ్బందే బోనాలకు, వినాయక నిమజ్జనానికి, మొహర్రం నాటి బీబీ కా ఆలం ఊరేగింపుకు బందోబస్తుకు వెళ్లాలి. ఆ రోజుల్లో మీ వీధి బండి ఆగిపోతుంది. పైగా ఊరికే తిరిగే గస్తీతో నేరాలు తగ్గుతాయన్న నమ్మకాన్ని అమెరికాలోని కాన్సాస్ సిటీలో 1972-73లోనే పరీక్షించారు. కొన్ని ప్రాంతాల్లో గస్తీ కార్లను రెండు మూడింతలు చేశారు, కొన్నిచోట్ల తీసేశారు. నేరాల్లోగానీ జనం భయంలోగానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నేరాలు పదేపదే జరిగే మలుపు దగ్గర పది పదిహేను నిమిషాలు ఆగి, మళ్లీ చెప్పాపెట్టకుండా వచ్చే గస్తీ మాత్రం పనిచేస్తుంది. ఆ మలుపు ఏదో, ఏ వేళో మీరే రాసివ్వాలి.

గత మూడు నెలల ఘటనలకు ఒక పట్టిక వేయండి. తేదీ, ఏ గంట నుంచి ఏ గంట మధ్య జరిగింది, స్థలం, ఎలా జరిగింది, ఏం పోయింది, ఫిర్యాదు ఇచ్చారా లేదా: ఈ ఆరు గళ్లు చాలు. సున్నితమైన కేసులు మినహా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది కాబట్టి వాటినీ చూసి కలుపుకోండి. ఇంటింటా అడిగిన జాబితా, స్టేషన్ జాబితా పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సెల్‌ఫోన్ పోయినవాళ్లలో చాలామంది స్టేషన్ గడపే తొక్కరు.

అప్పుడు సమస్యను ఒక్క వాక్యంలో రాయండి. ఉదాహరణకు: ‘మెట్రో స్టేషన్ నుంచి కాలనీ కమాను దాకా, రాత్రి 9 నుంచి 11 మధ్య, బైకుల మీద వచ్చి ఫోన్లు లాక్కుంటున్నారు.’ ఇలా రాసేసరికి పనులు వాటంతటవే విడిపోతాయి. దీపాలు వెలగకపోతే అది జీహెచ్ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) పని, స్తంభం నంబరుతో ఫిర్యాదు చేయాలి. పది దాకా తెరిచి ఉండే మందుల షాపువాళ్లు బయటి లైటు వేసి ఉంచాలి. ఆ రెండు గంటల్లో ఆగి చూడటం పోలీసుల వంతు. ఇదంతా మాట్లాడే కాలనీ సమావేశానికి ఇన్‌స్పెక్టర్‌గారితోపాటు మీ సెక్టార్ ఎస్సైనీ బీట్ కానిస్టేబుల్‌నీ పిలవండి, రోజూ తిరిగేది వాళ్లే. ఒక విడతకు రెండు సమస్యలు మించవద్దు. వచ్చే నెల సమావేశంలో మొదట ఆ రెండింటి లెక్కే చూడాలి.

ఈ సమావేశాలు చెడేది ఎక్కడంటే, సొంత ఇళ్లవాళ్లే వస్తారు. దాంతో పార్కింగ్ తగాదా మొదటి సమస్య అయి కూర్చుంటుంది. అద్దెవాళ్లు, వాచ్‌మన్లు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, తోపుడుబండ్లవాళ్లు చూసినంత మనం చూడం. వాళ్లు సాయంత్రం మీటింగుకు రాలేరు కాబట్టి మధ్యాహ్నం మీరే వెళ్లి అడగండి. వలస కూలీల పేర్లు అనుమానితుల జాబితాలా రాసుకొచ్చే పని మాత్రం దయచేసి పెట్టుకోవద్దు. మీకు సమాచారం ఇవ్వగలిగినవాళ్లే దూరమైపోతారు.

ఇంకొక మాట. ఒక ఇంట్లో దొంగలు పడ్డాక తర్వాతి రెండు వారాలు అదే గల్లీలోని పక్క ఇళ్లకు ప్రమాదం ఎక్కువ. ఆ వీధి వాళ్లందరికీ అదే రోజు తెలియాలి.

ప్రశ్న: ఘటన జరిగిన చోటు మా పరిధి కాదని స్టేషన్లో అంటే?

జవాబు: భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం తీవ్రమైన నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా చెప్పవచ్చు. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఆన్‌లైన్లో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు తీసుకోకపోతే అదే సమాచారాన్ని డీసీపీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లవచ్చు. నమోదు కాని నేరం స్టేషన్ లెక్కల్లో ఉండదు, దానికి సిబ్బందీ రారు. ఆన్‌లైన్ మోసమైతే ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాలోకి జారిపోకముందే ఆపించగలిగేది ఆ మొదటి గంటల్లోనే.

ప్రశ్న: పోలీసుల ‘నేను సైతం’ (జనం చందాలతో సీసీ కెమెరాలు పెట్టించే కార్యక్రమం) కింద మా వీధికి నాలుగు కెమెరాలు పెట్టాలనుకుంటున్నాం. ఏం చూసుకోవాలి?
– మలక్‌పేట

జవాబు: రెండు మెగాపిక్సెల్ కెమెరా, 2 ఎంబీపీఎస్ వేగంతో రికార్డు చేస్తే రోజుకు సుమారు 21.6 జీబీ అవుతుంది. నాలుగింటికి 30 రోజులంటే 2.6 టీబీ. కాబట్టి 4 టీబీ హార్డ్ డిస్క్ తీసుకోండి. నిఘా రికార్డింగుకు తయారైనదే అడగండి, మామూలు కంప్యూటర్ డిస్క్ రాత్రింబగళ్ల రాతకు తట్టుకోదు. నాలుగూ వీధి మొత్తాన్ని చూసేలా పెడితే రాత్రి హెడ్‌లైట్ల వెలుగులో ఒక్క నంబరు ప్లేటూ చదవలేరు. కనీసం ఒకటి ప్లేటు కోసమే, తక్కువ ఎత్తులో, ఇరుకైన లెన్సుతో, స్పీడ్ బ్రేకర్ వైపు తిప్పి పెట్టండి. ఎవరి పడకగది కిటికీ వైపూ తిరగకూడదు.

గడియారం వారానికోసారి సరిచూడండి. ఇరవై నిమిషాలు తేడా ఉంటే పక్క వీధి ఫుటేజీతో కలపడం కష్టం. ఫుటేజీ కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని తేల్చే గుర్తు సంఖ్య) కావాలి. అందుకే వాట్సాప్‌లో పంపి అసలును చెరిపేయవద్దు. అన్నిటికన్నా ముఖ్యం: చందాలన్నీ కెమెరాలు కొనడానికే ఖర్చుపెట్టేస్తారు. చెట్ల కొమ్మలు కొట్టేటప్పుడు కేబుల్ తెగితే అతికించేవాడుండడు. ఏటా మరమ్మతుకు డబ్బు ముందే పక్కన పెట్టండి, నెలకోసారి నాలుగూ పనిచేస్తున్నాయో చూసే మనిషి పేరు రాసిపెట్టండి.

ప్రశ్న: మా కుర్రాళ్లు రాత్రి గస్తీ తిరుగుతామంటున్నారు. తిరగొచ్చా?

జవాబు: తిరగొచ్చు, స్టేషన్‌కు పేర్లు ఇచ్చి, ఇద్దరిద్దరుగా, టార్చి, విజిల్‌తో. కర్రలు వద్దు. కళ్లముందు తీవ్ర నేరం చేసినవాడిని పట్టుకునే హక్కు పౌరుడికి ఉంది, అయితే ఆలస్యం లేకుండా, ఎంతైనా ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. అనుమానం మాత్రమే ఉంటే దూరంగా ఉండి 112కు చెప్పండి. కొట్టడం, కట్టేయడం, ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టడం ఏవీ కుదరవు. 2018 మేలో చాంద్రాయణగుట్టలో పిల్లల్ని ఎత్తుకెళ్తున్నారన్న వాట్సాప్ పుకారుకు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. గస్తీకి వచ్చే ప్రతి కుర్రాడికీ ఈ సంగతి మొదటి రోజే చెప్పండి.

ప్రశ్న: అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటాను. బస్టాప్‌లో రోజూ వేధింపు. కాలనీ మీటింగులకు మమ్మల్ని ఎవరూ పిలవరు. ఫిర్యాదు చేస్తే ఇంట్లో తెలుస్తుందేమోనని భయం.

జవాబు: మీ భయం అర్థమవుతోందమ్మా. ఆడవాళ్ల భద్రత కోసం పోలీసులు పెట్టిన షీ టీమ్స్ 2014 అక్టోబరు 24న మొదలైంది ఇలాంటి వాటి కోసమే. మీ వివరాలు గోప్యంగా ఉంచమని ముందే అడగండి. మఫ్టీలో వచ్చి వీడియో సాక్ష్యంతో పట్టుకుంటారు కాబట్టి వాళ్లకు మీ ధైర్యం కన్నా సమాచారం ఎక్కువ ఉపయోగం: ఏ స్టాప్, ఏ వైపు, ఏ నంబరు బస్సు వేళకు, మనిషి గుర్తులు, బండి నంబరు. మీ హాస్టల్లో ఇంకో నలుగురికి ఇదే జరుగుతుంటే ఐదుగురి వేళలూ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. హాస్టల్ వార్డెన్ ద్వారా సెక్టార్ ఎస్సైని హాస్టల్‌కే రమ్మని అడగవచ్చు, మహిళా కానిస్టేబుల్‌తో రమ్మనండి.