వియన్నాకీ బుడాపెస్ట్‌కీ మధ్య రెండు రోజులు ఖాళీ దొరికితే ఎక్కడికి వెళ్లాలి?

శుక్రవారంతో వియన్నాలో ఆఫీసు పని అయిపోతుందనీ, సోమవారం ఉదయం బుడాపెస్ట్‌లో సమావేశం ఉందనీ, మధ్యలో దొరికిన శని, ఆదివారాల్లో ప్రాగ్ చూసి రావచ్చా అనీ అడిగారు. వద్దండి. ప్రాగ్ గొప్ప నగరమే, కాదనను. కానీ అది మీ దారిలో లేదు. వియన్నా నుంచి రైల్లో నాలుగు గంటలు, అక్కడి నుంచి బుడాపెస్ట్‌కు దాదాపు ఏడు గంటలు. హోటల్లో సామాను పెట్టుకుని, తిండి తిని, వీధిలోకి వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. బ్రాటిస్లావా వెళ్లండి. వియన్నా నుంచి గంట ప్రయాణం, బుడాపెస్ట్ వెళ్లే దిక్కులోనే ఉంది, మరో దేశమైన స్లొవేకియాకు రాజధాని.

నేను వియన్నాలో ఉద్యోగం చేసుకుంటూ ఉంటున్నాను. మా ఇంటికి వచ్చే చుట్టాలకూ స్నేహితులకూ ఇదే చెబుతాను. సగం మంది పెదవి విరుస్తారు. ‘అక్కడ ఏముంది, రెండు గంటలు చాలట కదా’ అంటారు. ఈ ‘రెండు గంటలు చాలు’ అనే మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. వీడియోలు తీసేవాళ్లు పాత ఊళ్లోకి వచ్చి, మురుగు గుంత మూతలోంచి తల బయట పెట్టిన చుమిల్ అనే కంచు బొమ్మ పక్కన ఫోటో దిగి, ఐస్‌క్రీం తిని, తిరుగు రైలెక్కుతారు. ఆ బొమ్మను అక్కడ పెట్టింది 1997లో. ఊరికేమో వందల ఏళ్ల చరిత్ర. బొమ్మను చూసి ఊరిని చూశామనుకుంటే ఎలా?

అప్పటికప్పుడు పెట్టుకునే ప్రయాణానికి నా దగ్గర ఒకటే లెక్క ఉంది. గది తలుపు తాళం వేసిన దగ్గర్నుంచి ఆ ఊరి నడిబొడ్డున కాలు పెట్టేదాకా రెండు గంటలు దాటకూడదు. దాటితే ఆ ఊరికి ఇంకోసారి తీరిగ్గా వెళ్లడమే మంచిది. విమానం గంటే కదా అంటారు కొందరు. విమానం గంటే, నిజమే. విమానాశ్రయానికి వెళ్లడం, తనిఖీ, ఎదురుచూపు, దిగాక మళ్లీ ఊళ్లోకి బస్సు, ఇవన్నీ ఎవరి ఖాతాలో వేయాలి? పైగా చవక టికెట్ల విమానాలు దిగే చోటు చూడండి. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అనే విమానాశ్రయం ఫ్రాంక్‌ఫర్ట్‌కు సుమారు 120 కిలోమీటర్ల దూరం. పారిస్ పేరు పెట్టుకున్న బోవే పారిస్‌కు 80 కిలోమీటర్ల పైనే. టికెట్ మీద పెద్ద ఊరి పేరు వేసి అడవిలో దించడం నాకు అస్సలు నచ్చని వ్యాపారం.

మా అమ్మానాన్నలు వచ్చినప్పటి సంగతి చెబితే నేను ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో మీకు అర్థమవుతుంది. మా నాన్న కాజీపేట, డోర్నకల్ వైపు స్టేషన్ మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ రోజు సాల్జ్‌బర్గ్ వెళ్లాలనుకున్నాం. పొద్దున లేచి చూస్తే అక్కడ రోజంతా వాన అని తేలింది. కాఫీ తాగుతూ నాన్నే అన్నారు: ‘దగ్గరలోనే ఇంకో దేశం ఉందన్నావు కదరా, అక్కడికి వెళ్దాం పద.’ అంతే. ముందస్తు టికెట్ లేదు, హోటల్ లేదు. వియన్నా ప్రధాన స్టేషన్‌కు వెళ్లి యంత్రంలో టికెట్లు తీసుకుని ఎక్కేశాం. ఈ రైళ్లకు సీటు రిజర్వేషన్ అక్కర్లేదు. నెల ముందు కొన్నా అప్పుడే కొన్నా ఒకటే ధర. డాన్యూబ్ నది మీద పడవ కూడా ఉంది, గంటుంబావులో తీసుకెళుతుంది. సీట్లు ముందే నిండిపోతాయి కాబట్టి ఉన్నపళంగా వెళ్లేవాళ్లు దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

రైలు కదలగానే నాన్న కిటికీ పక్కన చేరి సిగ్నళ్లు చూడటం మొదలుపెట్టారు. ఆస్ట్రియాలో చివరిదైన మార్ఖెగ్ స్టేషన్ వస్తోందని చెప్పగానే చొక్కా జేబులోంచి ముగ్గురి పాస్‌పోర్టులూ తీసి, వీసా ఉన్న పేజీలో వేలు పెట్టి, నిటారుగా కూర్చున్నారు. రైలు ఒక నదిని దాటింది. పెద్ద నదేమీ కాదు, రెండు ఒడ్డులా చెట్లు, మట్టి రంగు నీళ్లు. అవతలి స్టేషన్ దెవీన్‌స్కా నోవా వెస్. ఇద్దరు దిగారు, ఒక అమ్మాయి సైకిల్‌తో ఎక్కింది. పోలీసులు రాలేదు. టికెట్ కలెక్టరు వచ్చి టికెట్లు చూసి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ‘దేశం ఎప్పుడు మారింది?’ అన్నారు నాన్న. ఫోనులో వచ్చిన స్లొవేకియా సందేశం చూపించాను. ఆయనకు నమ్మకం కుదరలేదు. బ్రాటిస్లావాలో దిగేదాకా ఆ పాస్‌పోర్టులు ఒళ్లోనే ఉన్నాయి.

స్టేషన్ నుంచి ఒకటో నంబరు ట్రామ్ ఎక్కితే పాత ఊరికి చేరుస్తుంది. ఊరు చూడటానికి చిన్నదే కానీ ఒకప్పుడు హంగరీ రాజ్యానికి రాజధాని. టర్కుల దండయాత్రలో, ఇప్పటి బుడాపెస్ట్‌లో భాగమైన బుడా నగరానికి ముప్పు వచ్చాక 1536లో రాజధాని ఇక్కడికి మారింది. సెయింట్ మార్టిన్ చర్చిలో 1563 నుంచి 1830 వరకు హంగరీ రాజులకు పట్టాభిషేకాలు జరిగాయి. 1741లో మరియా థెరీసా కిరీటం పెట్టుకున్నది కూడా ఇక్కడే. ఆ చర్చి శిఖరం మీద కూడా బంగారు పూతతో ఒక కిరీటమే ఉంటుంది. పట్టాభిషేకం ఊరేగింపు సాగిన దారి పొడవునా నేల మీద రాళ్ల మధ్య చిన్నచిన్న ఇత్తడి కిరీటాలు పొదిగారు. అమ్మ వాటిని ఒక్కొక్కటే వెతుక్కుంటూ నడిచింది. ఏ గైడూ అక్కర్లేకుండా పాత ఊరంతా అలా తిరిగేశాం. వియన్నాలో రాజభవనాలు చూసి ‘అబ్బ ఎంత పెద్దవో’ అని అలసిపోయిన మనిషి ఇక్కడ ఇత్తడి బిళ్లల వెంట గంటకు పైగా నడిచింది, కాళ్ల నొప్పి మాటే ఎత్తలేదు.

చర్చి గోడకు ఆనుకున్నట్లే పెద్ద రోడ్డు పోతుంది. 1967 నుంచి 1972 వరకు డాన్యూబ్ మీద కొత్త వంతెన కట్టినప్పుడు, దానికి దారి కోసం పాత యూదుల పేటలో చాలా భాగం, ఒక సినగాగ్‌తో (యూదుల ప్రార్థనా మందిరం) సహా, కూల్చేశారు. వంతెన స్తంభం మీద పళ్లెం ఆకారంలో రెస్టారెంటు ఉంది, అందరూ దాని ఫోటోలే తీస్తారు. ఆ రోడ్డు కింద ఏముండేదో ఎవరూ అడగరు. మీరు వెళితే ఆ వంతెన పక్కన ఒక్క నిమిషం నిలబడండి.

ఆ వంతెన కిందే 29వ నంబరు బస్సు ఆగుతుంది. దెవీన్ కోటకు వెళ్లేది అదే. నన్నడిగితే బ్రాటిస్లావా వెళ్లి దెవీన్ చూడకుండా రావడం అన్యాయం. ఎత్తైన రాతి గుట్ట మీద కోట శిథిలాలు. 1809లో నెపోలియన్ సైన్యం పేల్చేసింది. పైనుంచి చూస్తే కింద మొరావా నది వచ్చి డాన్యూబ్‌లో కలుస్తుంది. రెండు నీళ్ల రంగులూ వేరు. కొంత దూరం కలవకుండా పక్కపక్కనే పోతాయి. కాళేశ్వరంలో ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు లాగే ఉందని అమ్మ అంది. ‘అవతలి ఒడ్డు ఏ ఊరు?’ అని అడిగింది. ఊరు కాదమ్మా, ఆస్ట్రియా అన్నాను.

‘పొద్దున మనం రైల్లో దాటిన నది ఇదేనా?’ అన్నారు నాన్న. ఇదే. స్లొవేకియా అప్పట్లో భాగంగా ఉన్న చెకొస్లొవేకియాలో కమ్యూనిస్టుల పాలన ఉన్నన్నాళ్లూ ఈ ఒడ్డు పొడవునా ముళ్ల కంచె, కాపలా బురుజులు ఉండేవి. ఊరివాళ్లు సొంత నది ఒడ్డుకు దిగడానికి లేదు. ఈది అవతలికి పోబోయిన వాళ్లను కాల్చి చంపారు. కోట కింద నీళ్ల పక్కనే వాళ్ల కోసం ఒక స్మారకం కట్టారు, స్వేచ్ఛా ద్వారం అంటారు. 1989 డిసెంబర్ 10న, ప్రభుత్వం కూలుతున్న రోజుల్లో, వేలాది మంది బ్రాటిస్లావా నుంచి కాలినడకన సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని హైన్‌బుర్గ్ ఊరికి వెళ్లారు. ఇవన్నీ నాకు తెలిసినంతలో చెప్పాను. నాన్న స్మారకం రాయి మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. తర్వాత అన్నారు: ‘నా సర్వీసంతా రైలు ముందుకు పోవచ్చని లైన్ క్లియర్ ఇవ్వడమే పని. ఇక్కడ నలభై ఏళ్లు ఆ మాట అనేవాడే లేకపోయాడు.’

ప్రాగ్‌కు పరుగెత్తి ఉంటే ఆ సాయంత్రం మాకు దొరికేది కాదు. ఏమీ అనుకోకండి, మనవాళ్లు యూరప్ అనగానే పది రోజుల్లో ఎనిమిది దేశాలు అని జాబితా రాసుకుంటారు. బస్సులో నిద్ర, బస్సు దిగి ఫోటో, మళ్లీ బస్సు. ఇంత డబ్బు పోసి వచ్చి ఒక్క నది ఒడ్డునైనా అరగంట కూర్చోకుండా వెళ్లిపోతుంటే నాకు బాధగా ఉంటుంది. పెద్దవాళ్లతో వచ్చేవారైతే ఇంకా ఆలోచించాలి. ఈ స్టేషన్లలో మరుగుదొడ్డికి కూడా చిల్లర పెట్టి వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మను చిల్లర కోసం నిలబెట్టే పద్ధతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు. జేబులో అర యూరో బిళ్లలు ఉంచుకోండి.

తిండి సంగతి. అక్కడి ప్రసిద్ధ వంటకం బ్రిండ్జోవే హలుష్కీ. బంగాళాదుంప పిండితో చేసిన చిన్న ఉండలు, పైన గొర్రె పాల జున్ను, ఆ పైన వేయించిన పంది మాంసం ముక్కలు. శాకాహారులైతే ‘బెజ్ స్లానిని’ అని ముందే చెప్పండి, ఆ ముక్కలు వేయరు. జున్ను ఉప్పగా, పుల్లగా ఉంటుంది. అమ్మకు నచ్చింది, నాన్నకు నచ్చలేదు. ఆయన వేయించిన జున్ను, బంగాళాదుంపలు తిన్నారు. అది దాదాపు ప్రతి హోటల్లోనూ దొరుకుతుంది.

వీసా సంగతి మాత్రం జాగ్రత్త. స్లొవేకియా, హంగరీ రెండూ 2007 డిసెంబర్ 21 నుంచి షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో, ఉన్నాయి కాబట్టి ఆస్ట్రియాకు తీసుకున్న షెంగెన్ వీసా సరిపోతుంది, ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చినదైనా సరే. కానీ బుడాపెస్ట్ దాకా వచ్చాం కదా, బెల్‌గ్రేడ్ కూడా చూసేద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. సెర్బియా షెంగెన్‌లో లేదు. ఒక్క ప్రవేశం వీసాతో బయటికి వెళితే మళ్లీ లోపలికి రాలేరు. లండన్ కూడా అంతే. నాన్నను ఎవరూ అడగలేదని మీరు పాస్‌పోర్టు హోటల్లో వదిలి రాకండి. ఈ దేశాలు అప్పుడప్పుడూ సరిహద్దుల్లో తాత్కాలిక తనిఖీలు పెడుతుంటాయి. జిరాక్సు కాపీ చాలదు, అసలుదే దగ్గరుండాలి.

ఇక మీరు చేయవలసింది ఇది. శనివారం పొద్దున్నే సామానుతో సహా వియన్నా వదిలేయండి. ఎలాగూ తిరిగి రావడం లేదు కాబట్టి రానుపోను టికెట్ కొనకండి. బ్రాటిస్లావా ప్రధాన స్టేషన్‌కు వెళ్లే రైలే ఎక్కండి. బోర్డు మీద పెట్ర్‌జల్కా అని ఉంటే అది డాన్యూబ్‌కు అవతలి వైపు స్టేషన్, మీ హోటల్ పాత ఊళ్లో ఉంటే మళ్లీ బస్సు ఎక్కాలి. రాత్రి అక్కడే ఉండండి. స్లొవేకియాలో 2009 నుంచి యూరోనే నడుస్తోంది, డబ్బు మార్చుకునే పని లేదు. హంగరీలో మాత్రం ఫోరింట్లు. ట్రామ్, బస్సు టికెట్ కాగితంది కొంటే ఎక్కగానే యంత్రంలో ముద్ర వేయించుకోండి, లేకపోతే జరిమానా.

ఆదివారం పొద్దున దెవీన్ చూసుకుని, మధ్యాహ్నం బుడాపెస్ట్ రైలెక్కండి. రెండున్నర గంటల ప్రయాణం. వియన్నా నుంచి నేరుగా బుడాపెస్ట్ పోయే రైళ్లు వేరే మార్గంలో వెళతాయి, వాటిలో ఈ దారి కనిపించదు. కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి. ష్టూరొవో దగ్గర డాన్యూబ్ అవతల ఎస్టర్‌గోమ్ బసిలికా గుమ్మటం కనిపిస్తుంది, హంగరీలోకెల్లా పెద్ద చర్చి అదే. అక్కడి నుంచి చాలా దూరం రైలు నది ఒడ్డునే పోతుంది. చీకటి పడకముందే ఆ భాగం దాటే రైలు చూసుకుని, శనివారం బ్రాటిస్లావాలో దిగగానే స్టేషన్‌లోనే టికెట్ తీసేసుకోండి.