ముందు బండి కింద దూరి చూడు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి బరంపురం నుంచి మావయ్య ఆశీస్సులు.

వేలంలో కొన్న జోంగా, అదే ఆ పాత మిలటరీ జీపు, ఫోటోలు చూశాను. పర్లాకిమిడిలో మీ పెరట్లో చింతచెట్టు కింద దాన్ని చూస్తుంటే ప్రాణం లేచొచ్చింది. సంక్రాంతికల్లా రోడ్డెక్కిస్తానన్నావు. గడువు పెట్టుకోకు నాన్నా, ఆ బండికి తొందర పనికిరాదు.

ముందు దాన్ని ఆ చెట్టు కింద నుంచి తీయించు. రాలిన ఆకు ఫ్లోరు మూలల్లో చేరి, వానకి నాని, రేకుని తినేస్తుంది. తరవాత జాకీలెత్తి స్టాండ్ల మీద నిలబెట్టి, స్క్రూడ్రైవరూ చిన్న సుత్తీ పట్టుకుని కింద దూరు. ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం, పొడుగునా తడుతూ వెళ్లు. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట డబ్బుమంటుంది. అక్కడ స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడు. కమాను పట్టీలు తగిలించే బ్రాకెట్ల దగ్గర, అడ్డకమ్మీలు అతికిన చోట రెండుసార్లు చూడు. పుట్టీ పూసి రంగేస్తానన్న టింకరు మాట వినకు. మంచి రేకు తగిలేదాకా కోయించి కొత్త ముక్క వెల్డింగు చేయించు. పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టాకే వెల్డింగు మొదలెట్టనియ్యి.

ఇంజను సంగతి. అది 3,956 సీసీ, ఆరు సిలిండర్ల పెట్రోలింజను, నిస్సాన్ కంపెనీ ‘పాట్రోల్’ (Patrol) అనే జీపు నుంచి వచ్చింది. బాగా తాగుతుంది, నిజమే. అయినా డీజిలింజను ఎక్కించమని ఎవరు చెప్పినా ఒప్పుకోకు. 2021 నుంచి యాభై ఏళ్లు దాటిన బండ్లకి వింటేజ్, అంటే పాతకాలపు బండిగా, రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు, మొదటిసారి ఫీజు 20,000 రూపాయలు. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారిస్తే ఆ దారి మూసుకుపోతుంది. నీది 1972 బండి అంటున్నావు కదా, ప్లేటు మీద నంబరు, వేలం కాగితాలు పట్టుకుని ఖర్చు మొదలెట్టకముందే ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లి అడుగు. ఆ రిజిస్ట్రేషన్ మీద రోజూ తిరగడానికి గానీ కిరాయికి గానీ వీల్లేదు.

కుర్రతనంలో నేనొక తప్పు చేశాను. ఏళ్లతరబడి కదలని జీపుకి తాడు కట్టి లాగించి గేరేశాను. పట్టేసిన పిస్టన్ రింగులు విరిగి సిలిండర్ గోడలు గీసుకుపోయాయి. ఆ చప్పుడు నాకింకా చెవిలో ఉంది. అందుకే చెప్తున్నా, తాళం తిప్పొద్దు. ప్లగ్గు వైర్లకి ముందే నంబర్లు కట్టుకో, ఫైరింగ్ వరస, అంటే ప్లగ్గులు రవ్వ వేసే వరస, 1-5-3-6-2-4. ఆరు ప్లగ్గులూ విప్పి ఒక్కో రంధ్రంలో కాస్త మొబిల్ ఆయిలూ కిరసనాయిలూ కలిపి పోసి నాలుగు రోజులు వదిలెయ్యి. ఆ తరవాత పుల్లీ బోల్టుకి స్పానరు పట్టి చేత్తోనే తిప్పు. వేలెడు కదిలినా చాలు, వెనక్కీ ముందుకీ ఆడిస్తూ పో. బలం మాత్రం చూపించకు. పూర్తిగా తిరిగాక పాత ఆయిలు దింపి కొత్తది పోసి, అప్పుడు సెల్ఫు కొట్టు.

బ్రేకుల దగ్గర పైసా మిగుల్చుకోకు. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. వీల్ సిలిండర్ల రబ్బరు కప్పులు, హోసులు, బ్రేకాయిలు, పైకి బాగానే కనిపించినా అన్నీ మార్చు.

రంగు మాటకొస్తే, మిలటరీ ఆలివ్ గ్రీన్ నీకెంత ఇష్టమో తెలుసు. కానీ మోటారు వాహనాల రూల్స్‌లో 121వది ఆ రంగుని రక్షణ శాఖ బండ్లకే వదిలింది. బూడిద రంగు వేయించు, ఆ బాడీకి నప్పుతుంది.

ఊళ్లో వారం రోజులు తిప్పి, బ్రేకుల మీద పూర్తిగా నమ్మకం కుదిరాక తప్తపాణి ఘాటీ మీదుగా నా దగ్గరికి తీసుకురా. దిగేటప్పుడు చిన్న గేరులోనే దిగు. మీ అత్త గుమ్మంలోనే ఉంటుంది.

మీ మావయ్య