హాస్టల్లో చేరిన తమ్ముడికి సిగరెట్టు అలవాటు కాకుండా ఏం చేయవచ్చు?

మీ తమ్ముడు ఈ ఏడాదే ఇంజినీరింగులో చేరి హాస్టల్లో ఉంటున్నాడని, సిగరెట్టు జోలికి పోకుండా ఎలా చూసుకోవాలని అడిగారు. అధ్యాపకుడిగా, కొంతకాలం హాస్టల్ వార్డెనుగా నేను గమనించినవి చెబుతాను.

నేను చూసినంతవరకు మొదటి సిగరెట్టును ఎవరూ సొంత డబ్బుతో కొనుక్కోరు. పరీక్ష ముగిసిన సాయంత్రం టీకొట్టు దగ్గర సీనియరో, గదిలో తోటివాడో తన చేతిలోది "ఒక్క దమ్ము లాగరా" అంటూ అందిస్తాడు. ఆ కొట్లో సిగరెట్లు విడిగా అమ్ముతారు, లైటరు దారానికి వేలాడుతుంటుంది. పెట్టె మీద 85 శాతం మేర ముద్రించే హెచ్చరిక బొమ్మ కుర్రవాడి కంట పడనే పడదు. అందుచేత క్యాన్సర్ గురించి ఉపన్యాసం ఇవ్వడం కన్నా, ఆ క్షణంలో ఏమనాలో ముందుగానే అతనితో మాట్లాడి ఉంచండి. "నాకు పడదన్నా, టీ చాలు" అని నవ్వుతూ గ్లాసు అందుకున్నవాడిని మళ్లీ బలవంతపెట్టడం అరుదు. కారణాలు వివరించబోయినవాడితోనే వాదన మొదలవుతుంది.

2003 నాటి చట్టం ప్రకారం విద్యాసంస్థకు 100 గజాల లోపల పొగాకు ఉత్పత్తులు అమ్మకూడదు, 18 ఏళ్లు నిండనివారికి ఎక్కడా అమ్మకూడదు. మొదటి సంవత్సరం పిల్లల్లో ఆ వయసు నిండనివారు ఉంటారని చాలామందికి తట్టదు. మా దగ్గర విద్యార్థులే ప్రిన్సిపాలుకు అర్జీ ఇచ్చి, గేటు ఎదుటి కొట్టు యజమానితో మాట్లాడి సిగరెట్లు తీయించారు. పాత అలవాటు ఉన్నవారు బస్టాపు దాకా నడిచి వెళ్లి తాగిన మాట నిజమే కానీ, ఊరికే టీకి వచ్చిన కొత్త పిల్లలకు అందించే చేతులు తగ్గాయి.

ఒకవేళ ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే తిట్టకండి. తిట్లు తిన్నవాడు వాసన బయటపడని ఖైనీకి మారి, దాన్ని ఇంకా జాగ్రత్తగా దాచుకోవడం హాస్టల్లో కొత్త కాదు. మానేసిన తొలి రెండు మూడు రోజులు చిరాకు, నిద్ర పట్టకపోవడం, చదువు మీద మనసు నిలవకపోవడం ఎక్కువగా ఉండి, కొన్ని వారాల్లో సర్దుకుంటాయి కాబట్టి, సెమిస్టర్ పరీక్షల ముందు కాకుండా సెలవుల మొదట్లో మానమనడం నయం. సలహా కోసం 1800-112-356 అనే ఉచిత జాతీయ నంబరుకు ఫోను చేయవచ్చు. అది సిగరెట్టు పెట్టె మీదే ఉంటుంది గానీ, విడిగా కొనేవారు చూడరు కాబట్టి మీరే అతని ఫోనులో వేసి ఇవ్వండి.